వైకుంఠ రథానికి ఎర్తు

కార్లకు పాటల సరంజామా బిగించే ప్రేమరాజుకు పాటలంటే పెద్ద ఇష్టమేమీ లేదు. అతని ఇష్టమంతా వైర్ల మీదే. నర్సీపట్నంలో తుని రోడ్డు పక్కనున్న అతని షాపుకు వచ్చేవాళ్లకు మాత్రం వైరంటే గిట్టదు. నీలం లైట్ల ఆంప్లిఫయరు కొంటారు, బీరువాలో సగముండే స్పీకరు పెట్టె కొంటారు, బ్యాటరీ నుంచి వాటికి కరెంటు తెచ్చే వైరు దగ్గరికి వచ్చేసరికి వాళ్ల ప్రాణం ఉసూరుమంటుంది. కార్పెట్ కింద పోయేదాన్ని ఎవడు చూస్తాడని వాళ్ల వాదన. చిటికెనవేలంత రాగి వైరు, బ్యాటరీకి జానెడు దూరంలో ఫ్యూజు లేనిదే ప్రేమరాజు బండి ముట్టుకోడు. అలా పోగొట్టుకున్న బేరాలతో ఎదుటి షాపువాడు మేడ కట్టాడు.

ఒకరోజు పొద్దున్నే ఆ షాపు ముందు వైకుంఠ రథం ఆగింది. ఎవరు పోయారోనని ఇరుగుపొరుగు బయటికొచ్చారు. దిగింది డ్రైవరు మన్మథరావు, అతని వెనకాల దేవుడమ్మ. బజారులో కూరగాయలమ్మే దేవుడమ్మకు డెబ్బై దాటాయి, నా అనేవాళ్లు లేరు.

“దీనికి జబ్బు సేసినాది బాబూ, బాగుసెయ్యి,” అందామె.

జబ్బు ఇదీ. కిందటి వారం ఆమె పక్కన గంప పెట్టుకునే సోమలమ్మ పోయింది. రథంలో భజన పెట్టారు. మన్మథరావు యాక్సిలరేటరు తొక్కినప్పుడల్లా భజన వెనకాల కుయ్యిమని ఓ కూత లేచింది. వదిలితే తగ్గింది, తొక్కితే మళ్లీ లేచింది. మొదట పిల్లలు నవ్వారు, తర్వాత పెద్దవాళ్లు. శ్మశానం దాకా అందరూ నోటికి తువ్వాళ్లు అడ్డం పెట్టుకుని నడిచారు.

“రేపు నాకూ ఈ బండే గదా. నా ఎనకాల నవ్వకూడదు,” అంది దేవుడమ్మ. ప్రేమరాజు రథం ఎక్కాడు.

లోపల చూస్తే, ఆంప్లిఫయరు ఎర్తు వైరును ఎవరో కొత్తగా వేసిన తెల్లరంగు మీదే బిగించారు. రంగులోంచి కరెంటు పోదు. ఇంజను గోలంతా పాటలో దూరింది. ఎవడా పని చేశాడోనని తిట్టుకుంటూ, ప్రేమరాజు ఇనుము మెరిసేదాకా ఆ చోటు గీకి వైరు బిగించాడు. ఫ్యూజు పెట్టాడు. మన్మథరావు ఎంత తొక్కినా కూత లేవలేదు.

రథమిచ్చిన దాత ఎవరో సౌండ్ ప్రాసెసర్ కూడా కొనిచ్చాడు. ఏ సీటులో మనిషికి పాట బాగా వినబడాలో చెబితే దానికి తగ్గట్టు సర్దే పెట్టె అది. దాన్ని సర్దడానికి ప్రేమరాజు తెరిచిన ల్యాప్‌టాప్, వినేవాడు ఎక్కడుంటాడని అడిగింది.

“నానే గదా, రోజూ యినేది,” అన్నాడు మన్మథరావు.

“ఇందులో ముఖ్యమైన మనిసివి నువ్వు కాదులే,” అన్నాడు ప్రేమరాజు. వెనకనున్న బల్ల వైపు చూశాడు. ఎవరైనా పడుకుంటేనే కొలత తెలుస్తుంది. మన్మథరావు రెండడుగులు వెనక్కి వేశాడు.

దేవుడమ్మ చెప్పులు విడిచి ఎక్కి పడుకుంది. “నా కొలతే తీసుకో.”

ప్రేమరాజు టేపుతో ఆమె చెవి దాకా కొలిచాడు. రోడ్డవతల టీకొట్టులో ఇద్దరు లేచి దణ్ణం పెట్టారు. భజన అయ్యేదాకా ఆమె కళ్లు మూసుకుని వింది.

“బాగుందా మామ్మా?”

“బాగుంది. అయినా ఆ రోజు నాకేటి యినబడతాది? ఎనకాల నడిసేవోళ్లకి యినబడేటట్టు పెట్టు.”

నిజమే అనిపించింది ప్రేమరాజుకు. “ఎంతమంది నడుస్తారు?” పని ధ్యాసలో అడిగేశాడు.

దేవుడమ్మ పైకప్పు వైపు చూసింది. “సోమలమ్మ నడుస్తాదనుకున్నాను. ఇంకెవలున్నారు?”

ఆ మాట అడిగినందుకు ప్రేమరాజుకు తల తీసేసినట్టయింది. ల్యాప్‌టాప్ చేతిలో పట్టుకుని కిందికి దిగి, రథం వెనక నిలబడ్డాడు. “మెల్లగా పోనీ మన్మథా. నాను నడుస్తూ సరిసేస్తాను,” అన్నాడు.

రథం కదిలింది. భజన వెనక ప్రేమరాజు ఒక్కడే నడిచాడు. షాపుల వాళ్లు లేచి నిలబడుతున్నారు. దేవుడమ్మ బల్ల మీంచి తలెత్తింది.

“యినబడతందా?”

“యినబడతంది మామ్మా.”

“ఆ రోజు గూడా వస్తావేటి?”

“వస్తాను.”

మన్మథరావు బండి ఆపబోయాడు.

“ఆపకు,” అంది దేవుడమ్మ, మళ్లీ తల వాల్చి. “బజారు దాకా పోనీ. నా ఎనకాల మనిసున్నాడని అందరూ సూడాల.”