సముద్రం రీలు, బోరు నీళ్లు

అనంతపురంలో సముద్రపు గాలాల రీళ్లు బాగుచేసేదాన్ని నేనొక్కదాన్నే. పోటీ లేనిచోట మొదటి బహుమతి ఎవరికైనా వస్తుందని మా ఆయన ఎగతాళి చేస్తాడు. చేయనీ. ఇక్కడినుంచి ఏ దిక్కుకు బయలుదేరినా సముద్రం ఒక పూట ప్రయాణంలో అందదు. నలభై దాటేదాకా నేను దాన్ని కంటితో చూడలేదు. చూడకముందే దాని ఉప్పు నా చేత ఎంత పని చేయించిందో చెప్తాను.

నా అసలు పని కుట్టుమిషన్లు. పాతూరు సందులో నాయన పెట్టిన దుకాణం అది. ఇటు రాప్తాడు, అటు కణేకల్ దాకా నాయన చెయ్యి పడని మిషను అరుదు. పదేళ్ల వయసునుంచీ ఆయన పక్కన కూర్చుని స్క్రూలు ఏరుతూ నేర్చుకున్నాను. నాయన పోయాక బంధువులంతా చేరి దుకాణం అమ్మేద్దామన్నారు. ఆడది మిషను తొక్కుతుంది గానీ మిషను విప్పుతుందా అని వాళ్ల వాదన. అప్పుడు దినాలకు వచ్చిన మా మామ, అంటే అమ్మ తమ్ముడు, తువ్వాలు దులిపి లేచి, "దుకాణం పాపే చూసుకుంటాది. నాది పూచీ. ఇంకేమన్నా ఉండాదా?" అన్నాడు. ఇంకేమీ లేకపోయింది. తాళంచెవి నా కొంగుకు వచ్చింది.

మామ మంగళూరు రేవులో ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆదివారం వస్తే సముద్రంలోకి పరిచిన రాళ్లకట్ట మీద నిలబడి గాలం వేయడం ఆయన పిచ్చి. ఒక వేసవిలో వస్తూ వస్తూ తన రీలును గుడ్డలో చుట్టి తెచ్చాడు. అరచేతిలో ఇమిడేంత పొట్టిది. గాలం కర్ర మీద చిన్న తాబేలులా కూర్చుంటుంది. లో ప్రొఫైల్ రీలు అంటారట. పిడి తిప్పితే లోపల గరగరమని ఇసుక నమిలినట్టు చప్పుడు.

"ఆడ అంగట్లో దీన్ని పారేసి కొత్తది కొనుక్కోమంటాండారు పాపా. ఉప్పు తిన్న రీలు మళ్లీ లేయదంట. నువ్వొకసారి చూడు."

విప్పి చూసి నవ్వాను. లోపలంతా నాకు తెలిసిన సంసారమే. దారం చుట్టుకునే బాబిన్ ఉంది, ఇత్తడి పళ్లచక్రం ఉంది, దారాన్ని అటూ ఇటూ సమంగా పరిచే మరసీల ఉంది. "దీనికేనా మంగళూరోళ్లు చేతులెత్తేసింది?" అన్నాను. ఉప్పు పోవాలంటే కడగాలన్నాడు మామ. బేసిన్ నిండా బోరు నీళ్లు పట్టి, మూడుసార్లు మార్చి, పళ్లు తోముకునే బ్రష్షుతో ప్రతి ముక్కనూ రుద్దాను. మే నెల ఎండలో మిద్దె మీద పళ్లెంలో పెడితే తడి ఎంతసేపు ఉంటుంది? మిషను నూనె వేసి బిగించాను. తిప్పితే చప్పుడు లేదు. మామ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. నేనూ తక్కువ తినలేదు, సందంతా చెప్పుకున్నాను.

వినాయక చవితి అయిన వారం మామకు ఫోన్ చేశాను. రీలు ఎట్లా ఉందంటే మాట దాటేశాడు. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. పెద్ద చేప తగిలిందట. దారం లాక్కుని పరుగెత్తుతుంటే బాబిన్ ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. దారం పుటుక్కుమంది. చేప పోయింది.

"కట్ట మీద నీ సావాసగాళ్లు ఏమన్నారు మామా?"

"ఏమంటారు? నీళ్లు లేని ఊర్లో సముద్రం రీలు బాగుచేయించుకున్న మొనగాడివి అని నవ్వినారు. పోనీలే పాపా. దాన్ని పక్కన పెట్టేసినా."

తిట్టి ఉంటే బాగుండేది. ఆ 'పోనీలే' నన్ను చంపింది. పదిమంది ముందు నాకు పూచీ పడిన మనిషి, నా చేతిపని వల్ల పదిమంది ముందు తల దించుకున్నాడు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. అదే రోజు ఒకామె సెనక్కాయ నూనె పోసి బంక పట్టించిన మిషను తెస్తే, "దీంతో రవికెలు కుడతావా, వడలు చేస్తావా?" అని ఆమె మీద పడి అరిచాను. అరిచాక సిగ్గేసింది. ఆమె తన మిషను చెడగొట్టుకుంది. నేను ఇంకొకరిది చెడగొట్టాను.

మరునాడు మళ్లీ ఫోన్ చేశాను. "రీలు పంపించు మామా."

"వద్దులే పాపా. నీకెందుకు ఆ తలనొప్పి?"

"పూచీ పడింది నువ్వు, చెడగొట్టింది నేను. బాగుచేసేది ఇంకెవరు, ఆ అంగడోళ్లా? పంపిస్తావా, నన్నే బస్సెక్కి రమ్మంటావా?"

బస్సు పార్శిల్లో వచ్చింది. విప్పి భూతద్దం పెట్టి చూస్తే బేరింగు గుండ్ల చుట్టూ, మరసీల గాడి లోపల తెల్లటి పొర. ఉప్పేనేమో, నేను సరిగా కడగలేదేమో అనుకున్నాను. వేలితో కొంచెం గీకి నాలుక మీద వేసుకున్నాను. ఉప్పగా లేదు. సున్నంలా చప్పగా, గరుకుగా ఉంది. ఆ గరుకును నేనెక్కడో చూశాను. ఎక్కడో ఏమిటి, మా ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున, స్నానాల గది కొళాయి చుట్టూ, చెంబు అంచున, అంతటా అదే. మా బోరు నీళ్లు ఎంత లోతునుంచి వస్తాయో అంత సున్నాన్ని మోసుకొస్తాయి. పుట్టినప్పటినుంచీ ఆ నీళ్లతోనే తలంటుకున్నదాన్ని కాబట్టి, సముద్రం కానిదంతా శుభ్రమైన నీళ్లే అనుకున్నాను. లోపలున్న సముద్రాన్ని కడిగేసి, దాని చోట అనంతపురాన్ని పెట్టి మూత బిగించాను.

తప్పు తెలిసింది కాబట్టి సగం పని అయింది. మిగతా సగానికి సున్నం లేని నీళ్లు కావాలి. వాన కోసం చూస్తే సెనక్కాయ వేసిన రైతుకే దిక్కులేదు, నాకెక్కడిది? మా పక్కన సెల్‌ఫోన్ల అంగడి సెట్టి ఉన్నాడు. ఆయన ఏసీ గొట్టం సందులోకి చుక్కలు కారుస్తుంది. గాలిలోని తేమ చల్లబడి కారే నీళ్లు అవి, వాటిలో సున్నం ఉండదు. సెట్టి వాటిని సీసాకు పట్టి ఇన్వర్టరు బ్యాటరీకి పోసుకుంటాడు. వెళ్లి అడిగాను.

"ఏమక్కా, నా బ్యాటరీ నీళ్లు చేపలకా? ఆ వాసన తగిలితే మా ఇంట్లో నన్నే కడుగుతారు!"

"చేపలకు కాదన్నా, యంత్రానికి. నీ సెల్‌ఫోన్ల మాదిరే ఇదీ ఒక యంత్రం."

గొణుక్కుంటూనే సీసా ఇచ్చాడు. తర్వాత ఆయనే రోజూ పొద్దున సీసా తెచ్చి నా గల్లాపెట్టె పక్కన పెట్టిపోయేవాడు.

నిమ్మరసంలో ఆ నీళ్లు కలిపి తెల్లపొర కరిగించాను. ఏసీ నీళ్లతో కడిగి, మెత్తని గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టాను. పాడైన బేరింగుల కొలత తీసి తుప్పు పట్టని రకం తెప్పించాను. పళ్లచక్రాలకు గ్రీజు పల్చగా రాశాను. బేరింగుకు సూది మొనతో ఒక్క చుక్క నూనె. పిడి వెనక్కి తిరగకుండా పట్టి ఉంచే బేరింగు ఒకటి ఉంటుంది, దాన్ని మాత్రం దాదాపు పొడిగా వదిలేశాను. దానికి గ్రీజు పూస్తే పట్టు జారి పిడి వెనక్కి తిరుగుతుంది. ఎక్కువ పూయడమే ప్రేమ అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. మొదటిసారి నేను దానికీ మిషను నూనె దండిగా పోశాను.

ఇప్పుడు పరీక్ష. సముద్రం లేదు, చేప లేదు. మా ఆయన ఉన్నాడు, ఆయన మోపెడ్ ఉంది. రాప్తాడు దారిలో రాళ్లు పాతి, రోడ్లు వేసి, ఒక్క ఇల్లూ లేవని లేఅవుట్ ఒకటి ఉంది. అక్కడ నేను వెదురు కర్రకు రీలు కట్టి నిలబడ్డాను. దారం కొస మోపెడ్ వెనక కట్టి ఆయన్ను పొమ్మన్నాను. దారం కుయ్యిమంటూ పరుగెత్తింది. రీలు బ్రేకును కొంచెం కొంచెం బిగిస్తూ ఆయన్ను ఆపాలి. ఆయన ఎక్కువ వేగం ఇచ్చాడు, నేను ఎక్కువ బిగించాను, వెదురు విల్లులా వంగింది. గొర్రెలు కాసుకునే ముసలాయన ఒకడు చూసి, "ఏమ్మా, మొగుణ్ని దారంతో పట్టుకుంటాండావా?" అన్నాడు. "పట్టుకోకపోతే పోతాడు తాతా!" అన్నాను. ఇరవైసార్లు లాగించాను. ఒక్కసారీ బిగుసుకోలేదు, ఒక్కసారీ జారలేదు.

రీలుతో పాటు ఒక కాగితం రాసి పంపాను. గాలం ఎత్తగానే, ఉప్పు ఆరకముందే పైపైన మంచినీళ్లు చల్లు. చల్లే ముందు బ్రేకు బిగించు, లేకపోతే నీళ్లు లోపలికి పోతాయి. తుడిచి ఆరబెట్టినాక బ్రేకు వదులు చెయ్యి, బిగించి పెడితే లోపలి బిళ్లలు అతుక్కుపోతాయి. బకెట్లో ముంచితే నా మీద ఒట్టే. ఏటా జూన్‌లో దీన్ని నాకు పంపాల. మామ చదివి ఫోన్ చేసి, "ముప్పై ఏండ్లుగా సముద్రం చూస్తాండేది నేను, నువ్వా?" అన్నాడు. "సముద్రం నువ్వు చూడు మామా, రీలు నేను చూస్తా" అన్నాను.

అప్పటినుంచీ అదొక ఆచారమైంది. జూన్‌లో అక్కడ వాన కుండపోతగా పోస్తుంది, సముద్రం ఎవర్నీ దగ్గరికి రానివ్వదు. రీలు పుట్టింటికి వచ్చినట్టు మా ఊరికి వస్తుంది. ఇక్కడ మేము ఆకాశం చూస్తూ విత్తనానికి సెనక్కాయలు ఒలుచుకుంటూ ఉంటాం. నేను దాన్ని పూర్తిగా విప్పుతాను, సెట్టి నీళ్లతో కడుగుతాను, అరిగినవి మారుస్తాను. ఎనిమిదేళ్లలో బ్రేకు బిళ్లలు రెండుసార్లు మార్చాను, బేరింగులు ఒకసారి. పైరంగు పోయి తెల్లబడింది. పళ్లచక్రం మాత్రం ఇప్పటికీ మొదటిదే. ఈలోగా మామ సావాసగాళ్లు తలా రెండు మూడు కొత్త రీళ్లు కొని పారేశారు. అయినా వాళ్ల నోళ్లు మూతపడలేదు. "చిన్న చేపలకు సరే. పెద్దది తగలనీ, అనంతపురం రిపేరి సంగతి అప్పుడు తెలుస్తాది" అనేవారట. మామ ఆ మాట నాకు నవ్వుతూనే చెప్పేవాడు. కానీ పెద్ద చేపలు తిరిగే రోజుల్లో ఆయన తన గాలానికి ఇంకో కొత్త రీలు తగిలించేవాడని అత్త నోరు జారి చెప్పింది. నేను అడగలేదు. ఆ మాట ముల్లులా లోపలే ఉండిపోయింది.

కిందటి ఏడు మామ పని మానుకుని, ఊరికి మళ్లే ముందు, "సముద్రం చూద్దువు రా పాపా" అని పిలిచాడు. ఆదివారం పొద్దున రాళ్లకట్ట మీదికి వెళ్లాం. సముద్రాన్ని చూసి నోరు తెరిచాను, నిజమే. అంత నీరు, ఒక్క బిందెకు పనికిరాదు. మామ సంచిలోంచి రెండు రీళ్లు తీశాడు. చేయి కొత్తదాని మీదికి పోయింది.

"అది వద్దు మామా," అన్నాను. గొంతు నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "నాది వెయ్యి. తెగితే నా ముందరే తెగనీ."

ఆయన నా ముఖం చూశాడు. పాతదాన్నే తగిలించాడు.

గంటసేపు ఏమీ లేదు. తర్వాత కర్ర ఒక్కసారిగా వంగింది. దారం పరుగెత్తింది. బాబిన్ ఎంత వేగంగా తిరిగిందంటే కళ్లకు ఆగినట్టే కనపడింది. పక్కన ఉన్న నలుగురూ తమ గాలాలు వదిలేసి వచ్చారు. అందరూ నీళ్ల వైపు చూస్తున్నారు. నేను రీలునే చూస్తున్నాను, చెవి దాని దగ్గర పెట్టి వింటున్నాను. గరగర వస్తుందేమోనని కాచుకున్నాను. రాలేదు. చేప నాలుగుసార్లు పరుగెత్తింది, నాలుగుసార్లూ బ్రేకు నెమ్మదిగా, ఒకే శ్రుతిలో దారం వదిలింది. చివరికి ఒకాయన రాళ్ల మీదికి దిగి పొడుగు పిడి ఉన్న చిన్న వలతో చేపను పైకి ఎత్తాడు. నా చెయ్యంత పొడవు, వెండి రంగు చేప.

నేను సిగ్గు లేకుండా కేక వేశాను. ఎగిరాను కూడా. మామ చేపను పక్కన పెట్టి, ముందు రీలు బ్రేకు బిగించాడు. సీసాలోని నీళ్లు పైపైన చల్లాడు. గుడ్డతో అద్ది, గాలికి ఆరబెట్టి, బ్రేకు వదులు చేశాడు. నా కాగితంలో రాసినట్టే, అక్షరం తప్పలేదు. పక్కాయన అలవాటుగా తన రీలును బకెట్లో ముంచబోతే మామ ఆయన చెయ్యి పట్టుకుని, నాకర్థమయ్యే కన్నడంలో, అందరికీ వినపడేలా చెప్పాడు. "ముంచొద్దు. దీన్ని బాగుచేసిన మెకానిక్ ఒప్పుకోదు. ఇదో, ఈమే. మా అక్క కూతురు."

అందరూ నా వైపు తిరిగారు. నేను రాళ్ల మీద తువ్వాలు పరిచి, సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి, ఒకాయన రీలు అక్కడికక్కడే విప్పి చూపించాను. లోపల ఉప్పు పెచ్చులు కట్టి ఉంది. ఆయన ముఖం చూడాలి. ఇంకొకాయన తన రీలును గుడ్డలో చుట్టి వినయంగా నా ముందు పెట్టాడు. తర్వాత ఒకటొకటిగా ఇంకొన్ని వచ్చాయి.

తిరుగు ప్రయాణంలో, బెంగళూరులో మారి ఎక్కిన అనంతపురం బస్సులో, నా ఒళ్లో సంచి బరువుగా ఉంది. టికెట్టు కొడుతూ కండక్టరు దానివైపు అనుమానంగా చూశాడు.

"ఏందమ్మా అది, చేపల వాసన వస్తాండాది?"

"అయిదు సముద్రం రీళ్లు అన్నా. మంగళూరులో బాగుకాక మా దుకాణానికి వస్తాండాయి."