ఖాళీ వరుసలో బాబాయి నంబరు

మా ఆసుపత్రిలో ఆయన్ని అందరూ ఐసు బాబాయి అనేవారు. ఫ్రీజర్లు బాగుచేసే మెకానిక్కు. మనిషి మాత్రం నిప్పు. ఎవరైనా ఫ్రీజరు తలుపు తెరిచిపెట్టి కబుర్లాడుతూ కనిపిస్తే ఒంటికాలి మీద లేచేవాడు. "అది మీ వీధి తలుపు కాదండీ, ముయ్యండి!" అని ఒకసారి పెద్ద డాక్టరుకే మొహం మీద చెప్పాడు. డాక్టరు నోరెత్తకుండా మూశాడు. బాబాయిది ముప్పై తొమ్మిదేళ్లు అదే పని. ఏ మీటరూ చూడక ముందే ఫ్రీజరు ఒంటికి చెవి ఆనించి, దానికేం జబ్బో చెప్పేవాడు.

నేను కంప్యూటర్ల గదిలో పనిచేస్తాను. ఆరేళ్ల కిందట ఫ్రీజర్లన్నిటికీ సెన్సర్లు పెట్టినప్పుడు, చలి తగ్గితే ఫోనుకు మెసేజ్ పంపే ప్రోగ్రాం పైథాన్‌లో రాసింది నేనే. దానికొక సెట్టింగుల ఫైలు. అందులో ఒక్కో ఫ్రీజరుకు నాలుగు వరుసలు: పేరు, వార్డు, దాటకూడని హద్దు, మెసేజ్ వెళ్లాల్సిన ఫోన్ నంబరు. వార్డుల వాళ్లు వివరాలిస్తారు. ప్రోగ్రాం ఆ ఫైలు చదివి, అన్నీ సరిగా ఉన్నాయో లేదో చూసుకుని పని మొదలుపెడుతుంది. తప్పుంటే మొరాయించాలి.

రాసేటప్పుడు పరీక్షకు ఒక నంబరు కావాల్సి వచ్చింది. బాబాయి పక్కనే ఉన్నాడు.

"నాది పెట్టు తల్లీ. ఎలాగూ పరిగెత్తాల్సింది నేనేగా."

పెట్టాను. నంబరు వరుస లేకపోతే ఆయన నంబరు వేసుకోమని ప్రోగ్రాంకు చెప్పాను. అంతటితో ఆగినా బాగుండేది. ఖాళీలు నింపే పని ముందు, సరిచూసే పని తర్వాత పెట్టాను. ఖాళీలన్నీ మనమే నింపి పేపరు దిద్దితే ఎవరు తప్పుతారు? ఆరేళ్లూ ప్రతి ఉదయం "అన్నీ సరిగా ఉన్నాయి" అని అది అంటూనే ఉంది, నేను నమ్ముతూనే ఉన్నాను.

ఆయన రిటైరై మూడేళ్లయింది. ఒక గోడ గడియారం చేతిలో పెట్టి చేతులు దులుపుకున్నాం. నంబరు మార్చాలన్న ఆలోచన నా బుర్రకు తట్టలేదు. పోయిన నెల ఆయన పోయాడని నోటీసు బోర్డు మీద చదివాను. వెళ్లి పిన్నిని పలకరించాలనుకున్నాను. పని తెమల్లేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మొన్నొక మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి కూర్చున్నానో లేదో, నెలలు నిండని పిల్లల వార్డు నుంచి నర్సు ఫోన్ చేసింది.

"మేడమ్, మీ ఆఫీసు పెద్దావిడ టైముకి చెప్పారు కాబట్టి సరిపోయింది. తల్లిపాల ఫ్రీజరు తలుపు సరిగ్గా పడలేదు. పాలింకా గడ్డకట్టే ఉన్నాయిలెండి. ఆవిడకి థాంక్స్ చెప్పండి."

"మా ఆఫీసులో పెద్దావిడ ఎవరూ లేరే."

"అదేంటి మేడమ్, నెలరోజులుగా ఆవిడేగా చేస్తున్నారు? అంతకుముందు ఒక పెద్దాయన చేసేవారు."

ఆ ఫ్రీజరులో ఉండేవి ఎవరెవరో తల్లులు ఇచ్చిన పాలు. కిలో బరువు కూడా లేని తొమ్మిది మంది పసివాళ్లు ఆ రోజు వాటి మీదే ఉన్నారు. గడ్డ కరిగితే పారబోయడమే. ఫైలు తెరిచాను. ఆ ఫ్రీజరుకు నంబరు వరుస లేదు. అదొక్కటే కాదు, పద్నాలుగింటికి లేదు. ఆ మెసేజులన్నీ ఇప్పటికీ బాబాయి ఫోనుకే పోతున్నాయన్నమాట.

సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లాను. మూడో అంతస్తులో రెండు గదులు. పిన్ని తలుపు తీసింది. బల్ల మీద ఆయన ఫోను చార్జింగులో ఉంది. పక్కన ఒక అట్టముక్క మీద వార్డుల నంబర్లు, ఆయన చేతిరాతతో, పెద్ద పెద్ద అక్షరాల్లో.

"మంచాన పడ్డాక రాసిచ్చారమ్మా" అంది. "'మెసేజ్ వస్తే ఇందులో వార్డు చూసి ఫోన్ చెయ్యి, వాళ్లే చూసుకుంటారు' అన్నారు. అందుకే స్నానానికెళ్లినా తలుపు దగ్గరే పెట్టుకుంటున్నా."

"రిటైరవగానే బాబాయి నాకొక్క మాట చెప్పాల్సింది కదా పిన్నీ."

అన్నాక నాకే మొహం చెల్లలేదు. తప్పు నేను చేసి, పోయిన మనిషిని నిలదీస్తున్నాను.

"నేనూ అదే అన్నాను. 'ఆ అమ్మాయికి చెప్పండి, మీకెందుకీ గొడవ' అని. 'చెబితే తీసేస్తుందే' అన్నారు." కొంగుతో ఫోను తుడిచి మళ్లీ బల్ల మీద పెట్టింది. "రోజూ రెండు మూడుసార్లు మోగుతుంది తల్లీ. మోగితే ఇంట్లో ఆయనున్నట్టే ఉంటుంది."

మర్నాడు పాత ప్రోగ్రాంను నడవనిస్తూనే కొత్తది సిద్ధం చేశాను. బాబాయి నంబరు చెరిపేశాను. నింపడమనేదే లేకుండా సరిచూడటం ఒక్కటే ఉంచాను. అది పద్నాలుగు తప్పులు చూపించి ఆగిపోయింది. ఆ జాబితా పట్టుకుని వార్డు వార్డూ తిరిగాను. "ఎవరి నంబరు రాయమంటారు?" అంటే ఒక్కొక్కరు పక్కవాళ్ల వైపు చూశారు. నాకు ఒళ్లు మండి అరిచాను. అరిచే హక్కు నాకు లేదని తెలిసీ అరిచాను.

చివరికి పదమూడు నిండాయి. తల్లిపాల ఫ్రీజరు దగ్గర మాత్రం నా చెయ్యి ఆగింది. ఇదొక్కటీ పిన్నికే వదిలేద్దామా అనిపించింది. కానీ అరవై ఏళ్ల మనిషి స్నానాల గది తలుపు దగ్గర ఫోను పెట్టుకుని తొమ్మిది మంది పసివాళ్లకు కాపలా కాయడం ఎక్కడి న్యాయం? ఆవిడ ఒక్క మెసేజ్ చూడకపోతే? నర్సు నంబరు రాశాను. ప్రోగ్రాం మొదలైంది.

పిన్నికి ఫోన్ చేశాను. ఆయన నంబరుకే.

"ఇక మెసేజులన్నీ వార్డుల వాళ్లకే వెళ్తాయి పిన్నీ."

"పిల్లల పాలు?"

"బాగున్నాయి."

"మంచిది తల్లీ" అంది. "అయితే ఇది ఇక మోగదన్నమాట."

"మోగదు పిన్నీ" అన్నాను.