నేను తీసేసిన నాలుగు చుక్కలు

తమ్మిలేరు పొంగి కొల్లేరు లంకల్లోకి నీళ్లు ఎక్కిన ఏడాది, నేను ఏలూరులో మా మేడ మీద కూర్చుని ఫోన్లో మ్యాపు మీద ఎర్ర చుక్కలు పెట్టాను. జాగ్రఫీ టీచరుగా రిటైరైనదాన్ని. ఆ మ్యాపు తాడేపల్లిగూడెంలో కాలేజీవాళ్లు కొందరు తయారుచేశారు. జనం ఫేస్‌బుక్కులో, వాట్సాప్‌లో పెట్టిన మొరలు చూసి, ఇల్లెక్కడో పోల్చుకుని మాలాంటివాళ్లం చుక్క పెట్టాలి. పడవలవాళ్లు అది చూసుకుని వెళ్లి, మనుషుల్ని ఎక్కించుకున్నాక చుక్కని పచ్చగా మారుస్తారు. పచ్చబడిన ప్రతిసారీ నాకు గర్వంగా ఉండేది. సిగ్గు విడిచి చెబుతున్నాను, చాలా గర్వంగా ఉండేది.

రెండో రోజు పొద్దున్నే చీవాట్లు తిన్నాను. ఒకే మెసేజ్‌ని నలుగురు ఫార్వర్డ్ చేస్తే, ఒకే ఇంటికి నాలుగు చుక్కలు పెట్టేశానట. పడవ ఖాళీ ఇంటికి మళ్లీ వెళ్లొచ్చింది.

"ఏవండీ మేడమ్ గారూ, మీరైనా చూసుకోవద్దాండీ? ఒకే చోటు, ఒకే మాటలు కనబడితే ఒకటి ఉంచి మిగతావి తీసేయండి" అన్నాడు గ్రూపు చూసే లెక్చరర్.

మెత్తగానే అన్నాడు. నాకే ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు పిల్లల తప్పులు దిద్దినదాన్ని, నాకు చెబుతాడా! ఇక ఒక్క తప్పు దొర్లితే ఒట్టు అనుకున్నాను.

మధ్యాహ్నం, గ్రూపువాళ్లు జనానికిచ్చిన నా వాట్సాప్‌కి ఒకే నంబరు నుంచి ఐదు మెసేజ్‌లు వచ్చాయి. ఐదింటికీ లొకేషన్ గుండుగొలను దగ్గర హైవే. ఐదింట్లోనూ ఒకే లంక ఊరి పేరు, అవే మాటలు. నీళ్లు ఇంట్లోకి వచ్చేశాయి, పెద్దవాళ్లున్నారు, పడవ పంపండి బాబూ అని. మొదటిది ఉంచి, దాన్ని జతచేసి ఆ ఊళ్లో చుక్క పెట్టాను. మిగతా నాలుగూ తీసేశాను. "హమ్మయ్య, ఈసారి ఎవరేమంటారో చూద్దాం" అని పైకే అన్నాను. సాయంత్రానికి చుక్క పచ్చబడింది. పడవ వేరే ఊరికి వెళ్లిపోయింది.

మర్నాడు ఆ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. చేపల చెరువు మీద కాపలా ఉండే మనిషట. లంకలో సిగ్నల్ పోయింది. ఛార్జింగ్ ఉన్న ఫోన్ అతనిదొక్కటే. ఎవరు గట్టు దాటి వెళితే వాళ్లే అందరి కబురూ మోసుకెళ్లడం అక్కడ అలవాటు. ఐదిళ్ల కబురూ పట్టుకుని అతను రోడ్డెక్కాడు. పెద్దగా రాయడం రాదు కాబట్టి ఒకటి రాసి, దాన్నే కాపీ చేసి, చివర ఇంటి గుర్తు మాత్రం మార్చాడు. నేను చివరిదాకా చదవలేదు. నా చదువు తగలెయ్య, ఎందుకు చదవలేదు!

"మొదటింటివాళ్లని తెచ్చారండి. ఇంకో మూడిళ్లవాళ్లు స్కూలు డాబా ఎక్కి బతికారండి. మా అమ్మే..." ఆగాడు. "పక్షవాతమండి, మంచం మీదే ఉంటది. నేను వెనక్కి వెళదామంటే గట్టు తెగిపోయిందండి."

ఫోన్ స్పీకర్లో పెట్టి మ్యాపు తెరిచాను, ఆ ఊళ్లో ఒక్కటే చుక్క, పచ్చగా.

"నలుగురి కబురూ పట్టుకొచ్చి మనది ముందు పెట్టుకుంటే ఏం బాగుంటదని, మాది ఆఖర్న పెట్టానండి. అది మీకు చేరిందాండీ?"

చేరింది. చేతులారా తీసేశాను.

"లేదు బాబూ, రాలేదు" అన్నాను.

"అయితే నేనే సరిగ్గా నొక్కలేదన్నమాటండి" అన్నాడు.

కాదని అనలేదు. ఆ నంబరు ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. ఒక్కసారీ చేయలేదు.