నంది కొండ మీద హారన్ కొట్టొద్దు

“పాపకేమైంది?” అని అడిగినవాళ్ళకు ఏం చెప్పాలి? పదేళ్ళుగా నా వెంట తిరుగుతున్న ప్రశ్న ఇది. బస్సులో, పెళ్ళిళ్ళలో, మడివాళ మార్కెట్లో కూరగాయలు బేరం చేస్తున్నప్పుడు, ఎవరో ఒకరు మా పద్మను చూసి అడుగుతారు. కొన్నిసార్లు ఆటిజం అని చెప్పాను, కొన్నిసార్లు ఒంట్లో బాగాలేదన్నాను, చాలాసార్లు వినపడనట్టు నడిచిపోయాను. ఏది చెప్పినా ఇంటికొచ్చాక ఇంకోటి చెప్పాల్సిందేమో అనిపించేది. అందుకే మా పాపలాంటి పిల్లలున్న నాలుగైదు కుటుంబాలవాళ్ళు, ఆటిజం గురించి పదిమందికీ తెలిసేలా నంది కొండ ఎక్కుతూ పరుగు పెడదామన్నప్పుడు అందరికంటే ముందు నేనే సరేనన్నాను. ఇక ఎవరూ అడగక ముందే చెప్పేయాలనుకున్నాను.

నియమం ఒక్కటే. ఇంటిల్లిపాదీ పైకి చేరాలి, ఆఖరి మనిషి వచ్చాకే ఆ ఇల్లు చేరినట్టు. పరుగెత్తలేనివాళ్ళు నడవొచ్చు. మా ఇంట్లో నలుగురం: నేను, మా ఆయన మోహన్, పదమూడేళ్ళ పద్మ, హిందూపురం నుంచి వచ్చి మాతో ఉంటున్న అత్తగారు. పరుగు అనగానే నవ్విన అత్తగారు, కొండ అనగానే సంచి సర్దారు. సంచి నిండా పసుపు కుంకుమ పొట్లాలు. మొక్కున్నవాళ్ళు తిరుమల మెట్లెక్కుతూ ప్రతి మెట్టుకూ పసుపు రాసి బొట్టు పెడతారు కదా, అలా ఇక్కడ తానూ పెడతారట. నాకు ఒళ్ళు మండింది. పాప మారాలని వేడుకోవడానికి కాదు, మా పాప ఇంతే అని చెప్పడానికి వెళ్తున్నామని వాదించాను. ఆమె అన్నీ విని పొట్లాలను ఇంకాస్త గట్టిగా ముడేశారు.

నేనూ తక్కువ తినలేదు. నగర్తపేటలో తిరిగి తిరిగి అందరికీ తెల్ల టీషర్టులు కొని, ముందువైపు ఆటిజం అని కన్నడంలో, ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు అచ్చు వేయించాను. ఎవరి కోసం వేయించామో ఆ పిల్లకే అవి పనికిరాలేదు. మెడ దగ్గర గుచ్చుకునే చీటీ కత్తిరించినా, గరుకుగా ఉన్న రంగు ఒంటికి తగలగానే పద్మ చొక్కా లాగి పారేసింది. ఉతికి ఉతికి మెత్తబడిన పాత నీలం గౌనులోనే బయల్దేరింది. ముగ్గురు పెద్దవాళ్ళకు గుర్తింపు ఉంది, పద్మకు లేదు.

మెజెస్టిక్ బస్టాండు నుంచి బస్సులున్నాయి గానీ ఎండెక్కకముందే పరుగు మొదలుపెట్టాలంటే కుదరదు. అందుకని పదకొండు వందలకు సుమో మాట్లాడుకుని తెల్లవారుజామున నాలుగున్నరకు ఇల్లు వదిలాం. హెబ్బాళ, యలహంక దాటి, కొత్త విమానాశ్రయం పనులతో దుమ్ము రేగుతున్న బళ్ళారి రోడ్డు మీద దేవనహళ్ళి చేరేసరికి తూరుపు తెల్లబడుతోంది. అక్కడ పళ్ళెమంత తట్టె ఇడ్లీ తిని, కాఫీ తాగి, ఎడమకు తిరిగితే అరగంటలో కొండ. డ్రైవర్ నాగరాజు అత్తగారి సంచిలోకి తొంగి చూసి “మొక్కు ఉండాదా అమ్మా?” అన్నాడు. ఆమె తలూపారు. అతను వెంటనే రేడియో కట్టేశాడు. నేను అంతకుముందు రెండుసార్లు కట్టేయమని అడిగితే సౌండు తగ్గించి ఊరుకున్నాడు.

ఘాట్ రోడ్డులో చివరి మూడు కిలోమీటర్లే మా పరుగు. రోడ్డు అంచున నలుపు తెలుపు రంగులేసిన రాళ్ళు వరసగా ఉంటాయి. పద్మ మొదటి రాయిని అరచేత్తో తాకింది. రెండో రాయి దాకా పరుగెత్తి దాన్నీ తాకింది. ఇక ఒక్క రాయినీ వదలదని మాకు తెలిసిపోయింది. మిగతా కుటుంబాలు మలుపు తిరిగి వెళ్ళిపోయాయి. అత్తగారు వెనకే వస్తూ ప్రతి రాయికీ బొట్టు పెడుతున్నారు. రెండు మూడు రాళ్ళ తర్వాత పద్మ బొట్టు పడేదాకా నిలబడి, ఆ తర్వాతే తాకడం మొదలుపెట్టింది. ఇద్దరికీ మాటల్లేవు, పని మాత్రం కుదిరిపోయింది. అది చూసి నాకు సంతోషమేసిందో, అసూయ వేసిందో చెప్పలేను.

సగం దారిలో, ఒక మలుపు దగ్గర, బైకుల గుంపు ఒకటి హారన్లు కొడుతూ పైకి దూసుకెళ్ళింది. పద్మ చెవులు మూసుకుని నడిరోడ్డు మీద కూలబడి కేకలు పెట్టింది. వెనకే వచ్చిన కారు ఆగింది. అందులోంచి దిగినాయన మా తెలుగు విని తెలుగులోనే, పాపనెందుకండీ ఇలా హింసపెడతారు, కిందికి తీసుకెళ్ళిపోండని అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అత్తగారు ముందుకొచ్చారు.

“మొక్కు ఉండాదప్పా.”

ఆయన చేతులు జోడించాడు. తప్పయిందమ్మా, నెమ్మదిగా కానివ్వండి అన్నాడు. అంతే, దారి దొరికింది. నా గుండెల మీది పెద్ద అక్షరాలను ఆయన చదవనే లేదు.

“మొక్కు లేదు, ఏమీ లేదు,” అన్నాను. గొంతు నాకే కొత్తగా వినపడింది. “మా పాపకు ఆటిజం. హారన్ పడదు. కిందికి పోయేది లేదు. తను లేచేదాకా మేమిక్కడే కూర్చుంటాం.”

అత్తగారు నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించారు. “మొక్కంటే దోవ ఇస్తారమ్మా. నీ మాటకు ఎవురిస్తారు?”

“ఇచ్చేదాకా కూర్చుంటా.”

“ఎమ్మే చదివి రోడ్డు మీద కూర్చునేది నిన్నే చూసినా,” అని గొణిగి, ఆమె కూడా మోకాళ్ళు పట్టుకుంటూ పద్మకు అటు పక్కన కూర్చున్నారు. మోహన్ మలుపు దగ్గర నిలబడి, వచ్చే ప్రతి బండికీ రెండు చేతులూ అడ్డంపెట్టి హారన్ కొట్టొద్దని చెప్పాడు. కొందరు విసుక్కున్నారు. ఒకడు కావాలనే కొట్టాడు. కారాయన మాత్రం ఇంజన్ ఆపి, వెనకవాళ్ళకు కన్నడంలో ఏదో సర్దిచెప్పాడు. మేం కదల్లేదు. సిగ్గేసింది, నిజమే. కానీ నా బిడ్డకు భయమేసిన చోట నేను తల దించుకుని క్షమాపణలు చెప్పడం ఆ ఉదయంతో సరి అనుకున్నాను. చాలాసేపటికి పద్మ లేచి, ఏమీ జరగనట్టు తర్వాతి రాయి దగ్గరికెళ్ళి నిలబడింది. బొట్టు కోసం.

మేం పైకి చేరేసరికి తక్కిన కుటుంబాలు తెచ్చుకున్న పులిహోర తిని, కోతుల నుంచి మా వాటా కాపాడుతూ కూర్చున్నాయి. ద్వారం పక్కన దోసకాయలు కోసి అమ్ముతున్నామె అత్తగారి ఎర్రబడ్డ వేళ్ళు చూసి, మొక్కు తీరిందా అని అడిగింది.

“మొక్కు కాదమ్మా,” అన్నారు అత్తగారు. “మా పాపకు హారన్ పడదు. అది చెప్పను వచ్చినాం.”

దోసకాయలామె పద్మను చూసి, నాకూ పడదు తల్లీ, పొద్దస్తమానం ఇక్కడ ఇదే గోల, అంటూ ఒక ముక్క ఉప్పుకారం అద్దకుండా ఇచ్చింది. పద్మ తింటూ నా దగ్గరికొచ్చి, కుంకుమ అంటిన అరచేతిని నా తెల్ల టీషర్టుకు నింపాదిగా తుడుచుకుంది, సరిగ్గా అక్షరాల మీద.

మీరూ ఇలాంటి పిల్లలతో నంది కొండకు వెళ్ళేట్టయితే ఒక్క మాట. శని ఆదివారాలు వద్దు, మామూలు రోజున గేటు తెరిచే వేళకు అక్కడుండండి, బైకులు తక్కువ. కొత్త బట్టలు వేయాల్సివస్తే వారం ముందే నాలుగైదుసార్లు ఉతికి ఇంట్లో వేసి చూడండి.

దిగేటప్పుడు సుమోలో అత్తగారిని, ఇంతకీ ఏమని మొక్కుకున్నారని అడిగాను. చెబితే ఫలం పోతుందన్నారు. పద్మ మారాలనో, ఇలాగే చల్లగా ఉండాలనో నాకు తెలియదు. ఇంకోటి కూడా తెలియదు. ఆ మలుపులో నేను అంత గట్టిగా చెప్పిన మాట పద్మది. తనను అడగకుండా చెప్పాను. అడిగితే ఎలా జవాబిస్తుందో నాకింకా తెలియదు. చెప్పకపోతే దాచినట్టు, చెబితే తన గుట్టు నేను బయట పెట్టినట్టు. రేపు బస్సులో ఎవరైనా “పాపకేమైంది?” అంటే తల దించను, అంతవరకు ఖాయం. నోరు తెరవాలా వద్దా అన్నది మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.