తమ్మతీగకు ఉప్పు పెట్టిన వేసవి

మార్కాపురం పక్కన మా ఊళ్లో వ్యవసాయం చేసి చెడినవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, మొలకలకు ఉప్పు పోసి చెడినవాణ్ని నేనొక్కణ్నే. ఆ ఘనకార్యం చెబుతాను, కడుపుబ్బా నవ్వుకోండి.

తెల్లదొరల కాలం. నాకు ఇరవై ఏళ్లు, తెలివి మాత్రం నలభై ఏళ్లకు సరిపడా ఉందని నమ్మకం. ఆ ఎండాకాలం పచ్చిమేత లేక మా గొర్రెల డొక్కలు ఎండిపోయాయి. ఎండు జొన్నసొప్ప వేస్తే మూతితో నెట్టేసేవి.

"వచ్చే నెల సంతకు మందంతా తోలేస్తా" అన్నాడు నాయన. అన్నాడేగానీ పొద్దుగూకే దాకా మంద దగ్గర్నుంచి కదల్లేదు. నాకు ప్రాణం ఉసూరుమంది.

ఆ వారమే పని మీద కొత్తపట్నంలో మా మేనత్త ఇంటికి వెళ్లి, మొదటిసారి సముద్రం చూశాను. ఒడ్డున ఉప్పుగాలిలో, ఉత్త ఇసుకలో అడవి తమ్మతీగ, అదే చిక్కుడు జాతి తీగ, బారల కొద్దీ పాకి, ఊదా పూలతో కళకళలాడుతోంది. ఉత్త ఇసుకలోనే ఇంత పచ్చిమేతా, ఇక మంద దక్కినట్టే అనుకున్నాను! పంచె చెంగున గింజలు మూటగట్టుకొచ్చి మా బావి దగ్గర నాటాను.

మొలకలొచ్చాయి. నాలుగు రోజులకు ఆకులు పాలిపోయాయి. సముద్రపు బిడ్డలు కదా, పాపం ఉప్పు చాలడం లేదని నిర్ధారించాను. ఇంట్లో ఉన్న కల్లుప్పంతా పాదుల్లో పోశాను.

"ఒరే, ఉప్పుజాడీ ఖాళీగా ఉండాదేందిరా? రేపు ఆవకాయ పెట్టాల!" అంది అమ్మ.

"తీగకు పోసినానమ్మా."

"తీగకా? అదేమన్నా పప్పుచారా?"

"సముద్రం మొక్కమ్మా. ఉప్పు లేకుంటే బతకదు."

"చేప కూడా సముద్రంలోదే. దానికి ఉప్పేసేది బతికించేదానికా, పులుసు పెట్టేదానికా?"

తెల్లారేసరికి మొలకలన్నీ తల వాల్చేశాయి. నేను ఏడుపు మొదలుపెట్టేలోపే మంద దొడ్డి కంప తోసుకుని వచ్చిపడింది. మొలకల్ని తొక్కేసి, మన్ను నాకడం మొదలుపెట్టింది. దొరలేసిన పన్ను పుణ్యమా అని ఉప్పు ప్రియమై, గొర్రెలకు పెట్టడం ఎప్పుడో మానేశాం. మన్ను నాకి, తొట్టి నీళ్లన్నీ తాగి, అవి తిన్నగా సొప్ప మోపు మీద పడ్డాయి.

"సూడ్రా, సొప్ప తింటాండాయి!" నాయన అక్కడే కూలబడి తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, పకపకా నవ్వాడు. ఆయన పోయి ఎన్నేళ్లయిందో! ఆ నవ్వు కోసం ఇంకో జాడీ ఉప్పయినా పోసేవాణ్ని.

మందను సంతకు తోలలేదు. ఆ ఏడు మాకు ఆవకాయా లేదు. కానీ నా పేరు ఊరంతా పాకింది. పక్కింటి పెదనాయన వచ్చాడు.

"అబ్బయా, గొర్రెలకు ఆకలి పుట్టించే తీగ తెచ్చినావంట. మాకూ నాలుగు గింజలియ్యి."

నేను గొంతు సవరించుకునేలోపే లోపల్నుంచి అమ్మ కేకేసింది. "గింజలిస్తాడులే బావా! ఉప్పు మాత్రం మీ ఇంట్లోదే పోసుకో!"

కనుక పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మా అమ్మను అడగకుండా ఇక ఏ మొక్కకూ ఉప్పు వడ్డించను.