చింతపండుతో తోమిన పెన్నీ

ఆ రోజుల్లో కంప్యూటర్ ముందు కూర్చోవడం వస్తే చాలు, ఏదో ఒక దేశం రమ్మని పిలిచేది. అలా వై2కే పుణ్యమా అని సిడ్నీ వచ్చి, గిరావీన్‌లో ఒకే గదిలో పడ్డాం నేనూ, మా పొట్టోడూ. (అసలు పేరు చెప్పను, ఇప్పుడు వాడు పెద్ద మేనేజరు.) ఇద్దరం ఒకే సెంటర్లో కోర్సు నేర్చుకున్నవాళ్ళమే. వాడికి వారంలో ఉద్యోగం వచ్చింది, నాకు మూడు నెలలు పట్టింది. వాడు వండితే పప్పు కుదిరేది, నేను వండితే అడుగంటేది. నిజం చెప్పొద్దూ, వాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండేది.

అది చాలదన్నట్టు పక్కింటి తెల్ల తాతగారికి వాడంటే మహా ముద్దు. తన మెటల్ డిటెక్టర్ ఇచ్చి మమ్మల్ని పెరడంతా తిరగనిచ్చారు. నాకు దొరికినవి బీరు సీసాల మూతలు. వాడికి దొరికింది నల్లగా మట్టిపట్టిన పాత రాగి పెన్నీ! "నీకు దొరికింది, నీదే. ఆదివారం అర్వో నాణేలు సేకరించే నా స్నేహితులొస్తారు, చూపిద్దాం మేట్" అన్నారాయన. (అర్వో అంటే వాళ్ళ యాసలో మధ్యాహ్నం, మేట్ అంటే మిత్రమా.) మావాడు దాన్ని గిన్నెడు నీళ్ళలో నానబెట్టి, గంటకోసారి తొంగిచూసి మురిసిపోయాడు.

నా కడుపు రగిలిపోయింది. అందరి ముందూ వాడొక్కడే హీరోనా? దొరికింది వాడికైతేనేం, మెరిపించింది నేననిపించుకోవాలి! ఆదివారం వాడు కూరగాయలకు వెళ్ళగానే, మా అమ్మ రాగి చెంబులు తోమినట్టు చింతపండూ ఉప్పూ వేసి బరబరా తోమేశాను. (ఆ చింతపండు కూడా వాడు కొన్నదే.) పెన్నీ తళతళలాడింది.

మధ్యాహ్నం అందరూ రాగానే, "క్లీన్ చేసింది నేనే అంకుల్!" అంటూ ఎదురెళ్ళి తాతగారి చేతిలో పెట్టాను. ఆయన మొహం పాలిపోయింది. "ఓ నో, మేట్... ఇది చాలా అరుదైన పెన్నీ. ఆ నలుపుతోనే దీనికి విలువ. తోమితే ఇంకేముంది?" స్నేహితులు తమ భూతద్దాలు మళ్ళీ జేబుల్లో పెట్టేసుకున్నారు.

పొట్టోడు చెంప పగలగొడతాడనుకున్నాను. వాడు పెన్నీని అటూ ఇటూ తిప్పి చూసి, "పోన్లేరా, నాకోసమే కదా అంత కష్టపడ్డావు! మా అమ్మ తోమినా ఇంత మెరవదు" అని నవ్వి, నా చేతికి టీ ఇచ్చాడు. సిగ్గుతో చచ్చిపోయాను. చచ్చిపోతూ కూడా, ఈ మంచితనం సైతం వీడికే ఇవ్వాలా దేవుడా అని కుళ్ళుకున్నాను.

ఇన్నేళ్ళయినా వాడికి నిజం చెప్పలేదు. చెబితే దానికీ నవ్వేసి క్షమించేస్తాడని నా భయం.