మా ఇంటి మట్టి మోసిన భాయ్

మా ట్రాలీ భాయ్ పోయాడు. మొన్న శుక్రవారం పొద్దున గడ్డం గీసుకుంటుంటే మసీదు మైకులో చెప్పారు. సగం గడ్డంతోనే బయటపడ్డాను.

కొత్తకోటలో పాత ఇల్లు కూలగొట్టిన ప్రతివాడికీ ఆయన తెలుసు. ట్రాలీని మన వాకిట్లో వదిలి, ట్రాక్టరు తీసుకుని వెళ్ళిపోయేవాడు. కూల్చిన మట్టిని రెండు మూడు రోజులు తీరిగ్గా నింపుకోవాలి. నిండాక వచ్చి, పైకెక్కి ఒంగి చూసేవాడు. ముళ్ళకంప, ప్లాస్టిక్ సంచులు కనిపిస్తే తిరిగి మన వాకిట్లోకే విసిరేవాడు. "గిది మట్టి బండి పటేలా, పెంట బండి కాదు" అనేవాడు. ఎవరికి పునాదిలోకి మట్టి కావాలో ఆయనకు నోటికి వచ్చు. ఒకరి గోడ ఇంకొకరి అరుగు కింద పడేది. చెరువులో మాత్రం తట్టెడు కూడా పోసేవాడు కాదు.

మా బాపు కట్టిన మట్టి ఇల్లు కూల్చి స్లాబు వేయాలనుకున్నప్పుడు ఆయన్నే పిలిచాను. అప్పటికి నాకూ పక్కింట్లో ఉన్న తమ్ముడికీ ఆరేళ్ళుగా మాటల్లేవు. నడిమి గోడ కాడ తగాదా. తప్పు వాడిదే, ఇప్పటికీ అదే అంటాను. వాడి వాకిలి పల్లం. వాన పడితే నీళ్ళు ఇంట్లోకి వచ్చేవి. చూసి నవ్వుకునేవాణ్ణి కూడా.

"ఒక్క పెళ్ళ కూడా వాని జాగల పడొద్దు" అని భాయ్‌కి గట్టిగా చెప్పాను.

ఇల్లు కూల్చిన వారానికి చూస్తే మూడు ట్రాలీల మట్టి తమ్ముడి వాకిట్లోనే గుమ్మరించి ఉంది. కర్ర పట్టుకుని పోయాను.

"చెవులు పన్జేస్తలేవా భాయ్? ఏమని చెప్పిన నీకు?"

"ఒక్క పెళ్ళ పడొద్దన్నవ్. మూడు ట్రాలీలు పడొద్దనలే."

"నా ఇంటి మట్టి అది!"

"నువ్వు తెచ్చినవా? మీ బాపు తెచ్చిండు. ఆయనకు కొడుకులు ఎంతమంది?"

తమ్ముడు పార పట్టుకుని బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. పైన మబ్బులు కమ్ముతున్నాయి. నేను ఎత్తమంటే ఆ వానాకాలం కూడా వాడి ఇల్లు మునగాల్సిందే.

"ఎత్తమంటె ఎత్తుత" అన్నాడు భాయ్. "జల్ది చెప్పు, ఇంకో కిరాయి ఉన్నది."

"ఎత్తితే నీ నడుము పడిపోతది. ఉండనియ్."

తమ్ముడు పార కింద పెట్టాడు. "అన్నా, చాయ్ తాగుతవా?"

"చక్కెర జర ఎక్కువెయ్యమను."

"గింత పెద్ద పటేలు చాయ్‌కే పడిపోయిండు!" అని భాయ్ పడీపడీ నవ్వాడు. ఆ ఏడు వాడింట్లోకి నీళ్ళు రాలేదు.

దీనికి ఆయన బతికుండగా నేనొక్క మంచి మాట చెప్పలేదు. నా నోటికి అట్లాంటివి రావు. అందుకే రాస్తున్నాను.

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఖబరస్తానుకు అన్నదమ్ములం కలిసే వెళ్ళాం. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరు గోతిలో మూడేసి పిడికిళ్ళ మట్టి వేస్తున్నారు. నాకు మోకాళ్ళు వంగవు. తమ్ముడే వంగి మట్టి తీసి ముందు నా దోసిట్లో పోసి, తర్వాత తనకు తీసుకున్నాడు. మూడోసారి నాకు పోశాక వాడు తన కోసం మళ్ళీ వంగలేదు. నా దోసిలి కింద తన చేతులు పెట్టాడు. ఆ మట్టిని ఇద్దరం కలిసి మెల్లగా వదిలాం.